కదలని బండి, పలకని బ్యాటరీ

విద్యుత్ స్కూటర్ వాడేవారి నోట తరచుగా వినిపించే "బ్యాటరీ పోయింది" అన్న మాటను నిర్ధారణగా కాక ఫిర్యాదుగా మాత్రమే స్వీకరించాలి. తాళం తిప్పినా డిస్‌ప్లే వెలగకపోవడం, వెలిగినా థ్రాటిల్ తిప్పితే చక్రం కదలకపోవడం, రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా తెల్లవారేసరికి ఒక్క గీత కూడా పెరగకపోవడం, నిండుగా చూపిస్తున్న బండి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఉన్నట్టుండి ఆగిపోవడం అనే నాలుగు వేర్వేరు లక్షణాలను వాడుక ఈ ఒక్క మాటలో కలిపేస్తుంది. వీటిలో మొదటి మూడూ బ్యాటరీ చక్కగా ఉన్నప్పుడు కూడా కనిపించవచ్చు. నాలుగోది మాత్రం చాలావరకు బ్యాటరీ లోపాన్నే సూచిస్తుంది. స్కూటర్ విడిభాగాలలో అత్యంత ఖరీదైనది సాధారణంగా బ్యాటరీయే కాబట్టి, ఏ లక్షణానికి ఏది కారణమో విడదీయకుండా కొత్తదానికి డబ్బు కట్టే వాహనదారు ఒక్కోసారి కాలిపోయిన ఫ్యూజు కోసం వేల రూపాయలు వదులుకుంటాడు. అందుకే ఈ అధ్యాయం ఒక భేదాన్ని పట్టుకుని నడుస్తుంది: సెల్‌లలోని రసాయనాలు చెడిపోయి ఇక కోలుకోలేని స్థితి మరణం కాగా, శక్తి లోపల ఉండి కూడా ఒక స్విచ్చో, తీగో, రక్షణ సర్క్యూటో దాన్ని బయటికి రానివ్వని స్థితి కేవలం నిరాకరణ. మొదటిదానికి మార్పిడి తప్పదు. రెండోదానిలో నిరాకరించినది ఎవరో, ఎందుకో కనుక్కోవాలి.

మరమ్మతు ఆలోచనకు ముందు బండిలో ఉన్నది ఏ జాతి బ్యాటరీయో తెలిసి ఉండాలి, ఎందుకంటే ఒక జాతికి పనికివచ్చే ఉపాయం మరొకదానికి అపాయం. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకుండా, రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేని తరగతిలో అమ్ముడైన చవక స్కూటర్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు విరివిగా కనిపిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటె 1859లో రూపొందించిన ఈ రకంలో సీసపు పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపి విద్యుత్తునిస్తాయి. సీటు కింద ఉండే 12 వోల్టుల డబ్బాలను ఒకదాని ప్లస్‌ను మరొకదాని మైనస్‌కు కలుపుతూ పోతే, అంటే సిరీస్‌లో అమరిస్తే, నాలుగింటికి 48, ఐదింటికి 60, ఆరింటికి 72 వోల్టులు వస్తాయి. 1991లో మార్కెట్లోకి వచ్చిన లిథియం అయాన్ రకంలో ఇలా విడివిడి డబ్బాలు ఉండవు. చిన్న సెల్‌లను ముందు పక్కపక్కన కలిపి గుంపులుగా చేసి, ఆ గుంపులను సిరీస్‌లో పేర్చి, మొత్తాన్ని ఒకే పెట్టెలో మూసిన దాన్ని ప్యాక్ అంటారు. ఇందులోనూ రెండు తెగలున్నాయి: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ మిశ్రమంతో చేసిన ఎన్ఎంసీ సెల్ సగటున 3.7 వోల్టులిచ్చి 4.2 వద్ద నిండుతుంది. ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్ఎఫ్‌పీ సెల్ సగటున 3.2 వోల్టులిచ్చి 3.65 వద్ద నిండుతుంది. ఏ రకమైనదీ ప్యాక్ మీది లేబుల్ చెబుతుంది. లేబుల్ లేని ప్యాక్‌ను చవక అన్న కారణంతో కొనడం ఈ గ్రంథం సమర్థించే పొదుపు కాదు.

సిరీస్ అమరికలో ఒక కఠిన నియమం ఇమిడి ఉంది. పంక్తి భోజనంలో ఒకరు లేస్తే మిగిలినవారి విస్తళ్ళలో ఎంత ఉన్నా అందరూ లేవవలసినట్టు, వరుసలో ఒక్క సెల్ ఖాళీ అయితే మిగతావాటిలో ఎంత శక్తి ఉన్నా బండి ఆగవలసిందే. బ్యాటరీ జబ్బులలో అధికభాగం ఈ ఒక్క నియమం నుంచే అర్థమవుతాయి.

గోడ నుంచి లోపలికి

పరీక్షను బ్యాటరీతో మొదలుపెట్టడం కంటే కరెంటు నడిచే దారిలో గోడ నుంచి లోపలికి రావడం మేలు, ఎందుకంటే ఈ దారిలో తొలి మజిలీలను పరిశీలించడానికి ఖర్చు ఉండదు, ఏదీ విప్పవలసిన పనీ ఉండదు. ప్లగ్గు పెట్టే సాకెట్‌లో మరో పరికరం పనిచేస్తోందో లేదో చూసిన తరువాత ఛార్జర్ దీపాలను గమనించాలి. ఛార్జర్ బండికి తగిలించిన వెంటనే ఆకుపచ్చగా వెలిగితే దానికి రెండు అర్థాలున్నాయి: బ్యాటరీ నిజంగా నిండి ఉండవచ్చు, లేదా ఛార్జర్ నుంచి కరెంటు అసలు బ్యాటరీలోకి చేరడం లేకపోవచ్చు. నడిపి వచ్చిన బండికి కూడా ఛార్జర్ ఆకుపచ్చ చూపిస్తే రెండో అర్థమే సరైనది, అప్పుడు ఛార్జింగ్ పోర్టులోని పిన్నులను చూడాలి. వర్షంలో తడిసిన బండిలో ఈ పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం, వదులైన పిన్ను దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ నల్లబడడం మామూలు.

తరువాతి మజిలీ సీటు కింద ఉండే ఎంసీబీ. ఇళ్ళలో మీటరు బోర్డు దగ్గర ఉండే బ్రేకరు వంటిదే అనేక స్కూటర్లలో కూడా ఉంటుంది. గోతుల రోడ్డు కుదుపుకో, ఎక్కువ కరెంటు లాగినప్పుడో అది కిందికి పడిపోతే బండి మొత్తం చీకటవుతుంది. డిస్‌ప్లే వెలిగి చక్రం తిరగకపోతే సైడ్ స్టాండ్ సెన్సరును, బ్రేకు నొక్కినప్పుడు మోటారును ఆపే కటాఫ్ స్విచ్‌ను అనుమానించాలి, ఎందుకంటే బ్రేకు లివరు పూర్తిగా వెనక్కి రాకపోతే బ్రేకు నొక్కే ఉన్నారని మోటారును నడిపే కంట్రోలర్ భావిస్తుంది. ఇందుకు భిన్నంగా చక్రం తిరిగి హెడ్‌లైటు, హారన్ మాత్రమే పనిచేయకపోతే, 48 లేదా 60 వోల్టులను 12కు తగ్గించి దీపాలకు అందించే కన్వర్టరు దెబ్బతిన్నదని ఊహించవచ్చు. ఈ లోపంతో మెకానిక్ దగ్గరికి వెళ్ళిన బండికి బ్యాటరీ మార్చమనే సలహా వస్తే మరో మెకానిక్‌ను చూసుకోవడం సముచితం.

ఇంతవరకు కళ్ళూ వేళ్ళూ చాలు; ఇక్కడి నుంచి మల్టీమీటర్ కావాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజారులోనే కాక, ఇప్పుడు చిన్న పట్టణాల ఎలక్ట్రికల్ షాపుల్లో కూడా దొరికే ఈ పరికరాన్ని డీసీ 200 వోల్టుల స్థానంలో ఉంచి, ఎర్ర తీగను ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు ఆనించాలి. ముందు ఛార్జర్ బయటి కొనను కొలిచి, వచ్చిన అంకెను దాని లేబుల్ మీది అంకెతో పోల్చాలి. అయితే కొన్ని ఛార్జర్లు బ్యాటరీ తగిలితే తప్ప వోల్టేజీ ఇవ్వకుండా తయారవుతాయి కాబట్టి, సున్నా వచ్చినంత మాత్రాన ఛార్జర్ చెడిందని తేల్చకుండా అదే రకం బండి ఉన్నవారి ఛార్జర్‌తో సరిచూసుకోవడం ఉత్తమం. కొలిచేటప్పుడు ఉంగరం, లోహపు గడియారం, మెడలో గొలుసు తీసివేయాలి. 60 వోల్టులు దాటిన డీసీని భద్రతా ప్రమాణాలు షాక్ ప్రమాదంగా లెక్కిస్తాయి. అంతకు తక్కువ వోల్టేజీలో కూడా రెండు టెర్మినళ్ళ మీద స్పానర్ అడ్డంగా పడితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్క క్షణంలో ప్రవహించి లోహాన్ని కరిగించగలదు. ప్రతి కొలతనూ తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకునే అలవాటు ఎంతటి మెకానిక్ జ్ఞాపకశక్తికైనా మించిన సాధనం, ఎందుకంటే బ్యాటరీ క్షీణత ఒక అంకెలో కంటే నెలల తరబడి రాసిన అంకెల మధ్య తేడాలో స్పష్టంగా కనిపిస్తుంది.

లెడ్ యాసిడ్: ఇంట్లో చేయగలిగిన మరమ్మతు

ఒక 12 వోల్టుల డబ్బాలో ఆరు సెల్‌లుంటాయి, ఒక్కొక్కటి నిండినప్పుడు దాదాపు 2.1 వోల్టులిస్తుంది. పూర్తిగా ఛార్జ్ చేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన మంచి డబ్బా 12.8 వోల్టులకు అటూఇటూగా చూపిస్తుంది, సగం ఛార్జిలో 12.3 దాపుల్లో ఉంటుంది, 11.8కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. నాలుగు డబ్బాల మొత్తాన్ని మాత్రమే కొలిచేవారు సాధారణంగా మోసపోయేది ఇక్కడే. మొత్తం 49 వోల్టులు వచ్చిందనుకుంటే, నాలుగూ సమానంగా సగం ఛార్జిలో ఉండి 12.3 చొప్పున ఇచ్చి ఉండవచ్చు. లేదా మూడు నిండుగా 12.8 చొప్పున ఉండి, నాలుగోదానిలో ఒక సెల్ లోపలే షార్ట్ అయి అది 10.7 వద్ద నిలిచి ఉండవచ్చు. మొదటి సందర్భంలో కావలసింది ఒక రాత్రి ఛార్జింగ్ మాత్రమే, రెండోదానిలో ఆ డబ్బాకు ఇక చికిత్స లేదు. కాబట్టి కొలత ఎప్పుడూ డబ్బా డబ్బాకూ విడిగా జరగాలి.

నిశ్చలంగా ఉన్నప్పటి వోల్టేజీ సగం సాక్ష్యమే ఇస్తుంది. మిగతా సగం భారం పెట్టినప్పుడు తెలుస్తుంది. బ్యాటరీ షాపుల్లో ఉండే లోడ్ టెస్టరుతో గానీ, తీగలు భద్రంగా కట్టి, మరొకరు బండిని నెమ్మదిగా ఎత్తు మీదికి నడుపుతుండగా గానీ కొలిస్తే, మంచి డబ్బాలు కొంచెం తగ్గి నిలబడతాయి, చెడినది మాత్రం 10.5 వోల్టుల కిందికి కూలిపోయి, థ్రాటిల్ వదలగానే ఏమీ జరగనట్టు మళ్ళీ 12కు లేస్తుంది. నిండుగా చూపిస్తూ ఫ్లైఓవర్ మీద ఆగిపోయే బండి రహస్యం సాధారణంగా ఇదే.

లెడ్ యాసిడ్‌కు వచ్చే ప్రధాన వ్యాధి సల్ఫేషన్. డిశ్చార్జి అయినప్పుడు పలకల మీద సహజంగా ఏర్పడే లెడ్ సల్ఫేట్, బ్యాటరీని వెంటనే తిరిగి ఛార్జ్ చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి ఖాళీగా వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకలను కప్పేసి, రసాయన చర్యకు దొరికే వైశాల్యాన్ని తగ్గిస్తుంది. సెలవులకు ఊరెళ్ళి వచ్చేసరికి బండి పలకకపోవడానికి ఇది పరిచితమైన కారణం. ముదరని సల్ఫేషన్‌ను ఓపికతో కొంతవరకు వెనక్కి మళ్ళించవచ్చు: డబ్బాల మధ్య తీగలు విప్పి, ఒక్కొక్కదాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్‌తో, సామర్థ్యంలో పదో వంతుకు మించని కరెంటుతో, అంటే 28 ఆంపియర్ అవర్ల డబ్బాకు 2.8 ఆంపియర్లకు లోబడి, గాలి ఆడే చోట నెమ్మదిగా నింపాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడే అవకాశం ఉన్నందున దగ్గరలో నిప్పు గానీ పూజగదిలోని దీపం గానీ ఉండకూడదు. డబ్బా వేడెక్కినా, ఉబ్బినా అక్కడితో ఆపేయాలి. ఒకట్రెండు ఆవృత్తాల తరువాత కూడా భారం కింద కూలిపోయే డబ్బా మీద ఇంకా కరెంటు ఖర్చుపెట్టడం వృథా. మూసివుండే డబ్బాల మూతలు పెకలించి నీళ్ళు పోయడం, పొడులూ ద్రావణాలూ కలపడం వంటి చిట్కాలు ఎంత ప్రచారం పొందినా, ఆమ్లం ఒలికే ప్రమాదానికి తగిన ప్రతిఫలం వాటిలో లేదు.

చెడిన ఒక్క డబ్బానే మార్చవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం మిగతావాటి వయసు మీద ఆధారపడుతుంది. సెట్ కొత్తదై, ఒకటి మాత్రమే తయారీ లోపంతో చెడితే అదే కంపెనీ, అదే సామర్థ్యం గల డబ్బాతో మార్చడం న్యాయమే. సెట్ మొత్తం అరిగిపోయినప్పుడు ఒక కొత్తదాన్ని చేర్చినా, పాతవాటిలో బలహీనమైనదే బండిని ఆపేస్తుంది, పైగా ఛార్జింగ్‌లో ఎవరు ముందు నిండాలన్న అసమానత పెరుగుతుంది. అప్పుడు సెట్ మార్పే చివరికి చవక.

లిథియం: నిరాకరణను అర్థం చేసుకోవడం

లిథియం ప్యాక్‌లో సెల్‌లతో పాటు బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఇది ప్రతి సెల్ గుంపు వోల్టేజీనీ, ప్యాక్ ఉష్ణోగ్రతనూ, ప్రవహించే కరెంటునూ నిరంతరం చూస్తూ, ఏ ఒక్కటి హద్దు దాటినా తలుపు మూసేస్తుంది. తలుపు మూసినప్పుడు బయటి టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్ సున్నానో, అర్థంలేని కొద్ది వోల్టులనో చూపిస్తుంది. దాన్ని చూసి ప్యాక్ ఖాళీ అయిందనుకోవడం తొందరపాటు.

బీఎంఎస్ నిరాకరణలలో అన్నిటికంటే నిరపాయకరమైనది వేడికి సంబంధించినది. లిథియం సెల్‌లను ఛార్జ్ చేయడానికి తయారీదారులు సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్‌ను హద్దుగా పెడతారు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో గాలే ఆ అంకెను తాకుతుంది, ఎండలో నడిచి వచ్చిన ప్యాక్ గాలి కంటే వేడిగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఛార్జింగ్ ఎక్కని బండి రాత్రి పది గంటలకు చక్కగా ఎక్కితే అందులో చెడినదేమీ లేదు.

రెండో నిరాకరణ సెల్ గుంపుల అసమానత వల్ల వస్తుంది. సిరీస్‌లో 13 గుంపులున్న ఎన్ఎంసీ ప్యాక్ నిండినప్పుడు 54.6 వోల్టులు చూపాలి. ఒక గుంపు మాత్రం త్వరగా 4.2కు చేరి, తక్కిన పన్నెండూ 3.9 దగ్గరే ఉంటే, ఆ ఒక్కదాన్ని కాపాడడానికి బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేస్తుంది. ఛార్జర్ ఆకుపచ్చగా వెలుగుతుంది కానీ మొత్తం 51 వోల్టుల దగ్గరే నిలిచిపోతుంది. దిగేటప్పుడు ఇదే తలకిందులవుతుంది: మొత్తం 48 వోల్టులు ఆరోగ్యంగా కనిపిస్తుండగానే ఒక గుంపు 2.8కి జారిపోయి బండి ఆగుతుంది. ఛార్జింగ్ పూర్తయిన తరువాత మొత్తం వోల్టేజీ ఉండవలసినదాని కంటే తక్కువగా ఉండటం ఈ అసమానతకు ఇంటి స్థాయిలో దొరికే తొలి ఆనవాలు. బీఎంఎస్ నిండిన గుంపుల నుంచి కొద్ది కొద్దిగా శక్తిని వేడిగా వదిలేసి సమం చేసే ఏర్పాటును బ్యాలెన్సింగ్ అంటారు; సాధారణంగా నిండే సమయంలోనే పనిచేసే ఈ ఏర్పాటుకు సమయం దొరకాలంటే, ఛార్జర్ ఆకుపచ్చకు మారిన తరువాత కూడా మనుషులు మెలకువగా ఉన్న వేళలో మరికొన్ని గంటలు తగిలించి ఉంచి, రెండు మూడు రోజులు ఫలితం చూడవచ్చు. స్వల్ప తేడాలు దీనితో సర్దుకుంటాయి. ఎల్ఎఫ్‌పీ ప్యాక్‌లలో మాత్రం సెల్ ఖాళీ నుంచి నిండే దాకా మధ్యభాగమంతా వోల్టేజీ దాదాపు మారదు కనుక, డిస్‌ప్లే మీది గీతలను బట్టి గానీ మధ్యలో తీసిన రీడింగును బట్టి గానీ ఏమీ తేల్చకూడదు.

మూడోది అతిగా ఖాళీ అవడం. నెలల తరబడి పడి ఉన్న బండిలో కంట్రోలర్, బీఎంఎస్‌లు వాడే కొద్దిపాటి కరెంటే సెల్‌లను హద్దు కిందికి దించుతుంది. అప్పుడు బీఎంఎస్ తలుపు మూసేస్తుంది, తలుపు అవతల వోల్టేజీ కనబడనందువల్ల ఛార్జర్ కూడా పనిచేయడం మానేస్తుంది. రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. వీడియోలలో విరివిగా చూపించే పరిష్కారం, బీఎంఎస్‌ను తప్పించి సెల్‌లకు నేరుగా కరెంటు ఎక్కించడం, అత్యంత ప్రమాదకరమైనది ఎందుకో తెలుసుకోవాలి. లిథియం సెల్ 2 వోల్టుల కంటే బాగా కిందికి దిగి అలాగే ఉండిపోతే, లోపలి రాగి రేకు ద్రావణంలో కరగడం మొదలవుతుంది; తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఇష్టం వచ్చిన చోట పేరుకుని సెల్ లోపలే షార్ట్‌కు దారితీస్తుంది. ఆ షార్ట్ ఆ రోజే బయటపడాలని లేదు. బండి మామూలుగా నడిచి, ఒక వారం తరువాత రాత్రి ఛార్జింగ్‌లో బయటపడవచ్చు. శిక్షణ పొందిన సర్వీసు కేంద్రం చేసేది వేరు: ప్రతి గుంపునూ విడిగా కొలిచి, కోలుకోగల వాటిని మాత్రమే అతి తక్కువ కరెంటుతో, ఉష్ణోగ్రత చూస్తూ 3 వోల్టుల దాకా లేపి, కోలుకోలేనివాటిని తీసేస్తుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్ళలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో లేచిన మంటల వల్ల పైనున్న లాడ్జిలో బస చేసిన ఎనిమిది మంది మరణించారు. ఆ ఏడాది చివరి నుంచి దశలవారీగా అమలైన, ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణపు సవరణలు సెల్‌లకు, బీఎంఎస్‌కు, ఛార్జర్‌కు, ఒక సెల్ మంట పక్క సెల్‌లకు పాకకుండా ఉండే ప్యాక్ నిర్మాణానికి కఠిన నిబంధనలు పెట్టాయి. ఇంటి బల్ల మీద తెరిచి మళ్ళీ అతికించిన ప్యాక్‌లో ఆ రక్షణలలో ఎన్ని మిగులుతాయో చెప్పడం కష్టం. వారంటీ ఉన్న ప్యాక్ సీలు తెంచితే ఆ హక్కు కూడా పోతుంది. అందువల్ల లిథియం విషయంలో ఇంటి మరమ్మతు ప్యాక్ పెట్టె వెలుపలే ముగియాలి. ఉబ్బిన, తీపి వాసన వేసే, తాకలేనంత వేడెక్కిన ప్యాక్‌ను కొలవడానికి కూడా పూనుకోకుండా, భద్రంగా వీలైతే ఆరుబయటికి చేర్చి దూరం జరగాలి. పొగ మొదలైతే ఆ పొగ విషపూరితం కాబట్టి మనుషులను బయటికి పంపి అగ్నిమాపక సిబ్బందిని పిలవడం తప్ప సాహసం వద్దు.

ప్యాక్‌ను తెరిపించవలసి వచ్చినప్పుడు మెకానిక్ నైపుణ్యాన్ని కొన్ని ప్రశ్నలతో అంచనా వేయవచ్చు. ఏ గుంపు ఎంత వోల్టేజీలో ఉందో కాగితం మీద రాసిస్తాడా, నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్‌తో అతుకుతాడా లేక సెల్ మీద నేరుగా టంకం పెడతాడా, కొత్త సెల్‌లు ఎక్కడివో చెబుతాడా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. టంకపు వేడి సెల్ లోపలి పొరలను దెబ్బతీస్తుంది. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఏరిన సెల్‌లతో నింపిన ప్యాక్ మొదటి నెలలోనే అసమానత చూపిస్తుంది. బయటికి తీసిన పాత సెల్‌లను చెత్తబుట్టలో వేయకుండా, టెర్మినళ్ళకు టేపు చుట్టి అధీకృత సేకరణ కేంద్రానికి గానీ అమ్మిన కంపెనీకి గానీ అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని తిరిగి తీసుకునే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. లెడ్ యాసిడ్ డబ్బాలకు ఆ బాధ లేదు, సీసం విలువ వల్ల షాపులే వాటిని ఎక్స్‌ఛేంజ్‌లో అడిగి తీసుకుంటాయి.

బండిని కొన్ని వారాలు వాడనప్పుడు రెండు జాతులకూ వ్యతిరేకమైన నియమాలు వర్తిస్తాయి: లెడ్ యాసిడ్‌ను నిండుగా ఉంచి నెలకోసారి మళ్ళీ నింపాలి, లిథియంను సగానికి అటూఇటూగా ఉంచి, ఎంసీబీ దించి, చల్లని చోట నిలిపి, నెలకోసారి చూసుకోవాలి. లెడ్ యాసిడ్ తీసేసి లిథియం పెట్టించుకునేవారు మరువకూడనిది ఛార్జర్. నాలుగు లెడ్ యాసిడ్ డబ్బాల ఛార్జర్ దాదాపు 59 వోల్టుల దాకా తోస్తుంది, 13 గుంపుల ఎన్ఎంసీ ప్యాక్ హద్దు 54.6, రెండింటి మీదా 48 వోల్టులనే రాసి ఉన్నా, పిన్ను సరిగ్గా దూరినా, పాత ఛార్జర్‌ను కొత్త ప్యాక్‌కు తగిలిస్తే సెల్‌లకూ ప్రమాదానికీ మధ్య మిగిలేది బీఎంఎస్ ఒక్కటే. కాబట్టి మార్పిడి జరిగిన రోజే పాత ఛార్జర్‌ను ఇంట్లోంచి తీసేసి, కొత్తదాని మీద మార్కర్‌తో "లిథియం, 54.6" అని ఇంట్లో అందరికీ కనిపించేలా రాసిపెట్టుకోవాలి.